తుడవాలా, గీకాలా, వదిలేయాలా: పాత కట్టడాల చెక్క మెరుగు మీద చర్చ ఎక్కడ ఆగింది

కోలారు జిల్లాలో పాత చెక్కకు కొదవ లేదు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ బంగారు గనుల నిర్వహణ చేపట్టాక కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ (కె.జి.ఎఫ్.)లో అధికారుల కోసం బంగళాలు, క్లబ్బు, ఆఫీసులు వెలిశాయి. మాలూరు తాలూకా పల్లెల్లో పెంకుటిళ్ల స్తంభాలు, దూలాలు, ద్వారబంధాలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. గుళ్లలో తలుపులు, వాహనాలు, రథాలు సరేసరి. ఈ మూడింటి మీదా కాలం ఒకే పని చేసింది: మెరుగు నల్లబడింది, పెట్లింది, జిడ్డు పట్టింది. దాన్ని ఏం చేయాలన్న దగ్గర మాత్రం ఏకాభిప్రాయం లేదు. పాలిష్ మేస్త్రి గీకి కొత్తగా వేద్దామంటాడు, పురావస్తు పద్ధతి తెలిసినవారు చేయి పెట్టొద్దంటారు, ఇంటివారికి పండగలోపు మెరిస్తే చాలు.

గట్టిగా వాదించుకునేవారు చాలాసార్లు ఒకే ప్రశ్నకు జవాబు చెప్పడం లేదు. చెక్క మీది పూత కట్టడానికి చర్మమా, బట్టా అన్నది ఒక ప్రశ్న. చర్మమైతే వలవకూడదు, బట్టైతే మార్చవచ్చు. ఆ పూత దేనితో చేసింది, ఇప్పుడు దాన్ని ఏది కరిగిస్తుంది అన్నది రెండో ప్రశ్న. మొదటిది విలువలకు సంబంధించినది, రెండోది రసాయనానికి సంబంధించినది. రెండోదాన్ని తేల్చకుండా మొదటిదాని మీద వంద ఏళ్లకు పైగా సిరా ఖర్చయింది.

పూత ఏదో ముందు తెలియాలి

వలస పాలన కాలపు కట్టడాల్లో లోపలి చెక్కకు, మేజా బల్లలకు ఎక్కువగా వాడినది లక్క పాలిష్. మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద లక్క పురుగు వదిలే జిగురును కరిగించి, పలుచగా సాగదీసి, పెచ్చులు చేసి, స్పిరిట్‌లో నానబెడితే షెలాక్ తయారవుతుంది. దూదిని గుడ్డలో చుట్టి ఆ ద్రావకంలో ముంచి, పలుచటి పొరలు ఒకదాని మీద ఒకటి రుద్దుకుంటూ పోయే పనితనానికి ఫ్రెంచ్ పాలిష్ అని పేరు. పేరు ఫ్రాన్సుది, సరుకు మనది. లక్క ఉత్పత్తిలో ప్రపంచంలో ముందున్నది భారతదేశమే. దాని మీద పరిశోధన కోసమే 1924లో రాంచీ దగ్గర ఒక సంస్థను పెట్టారు. ఏటికొప్పాకలోనూ చన్నపట్నంలోనూ లేతు మీద తిరిగే బొమ్మకు పట్టే రంగు కూడా ఈ లక్కే. అక్కడ స్పిరిట్ ఉండదు, రాపిడి వేడికే కరుగుతుంది.

లక్క పాలిష్ స్వభావం విచిత్రమైనది. ఆరి గట్టిపడ్డాక కూడా స్పిరిట్ తగిలితే మళ్లీ కరుగుతుంది. వేడి గిన్నె పెడితే మెత్తబడుతుంది, నీళ్లు నిలిస్తే తెల్లమచ్చ కడుతుంది, సోడా, అమోనియా వంటి క్షారం తగిలితే ఊడివస్తుంది. అయితే దశాబ్దాలు గడిచేకొద్దీ లోపలి అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి, అదే లక్క స్పిరిట్‌కు కూడా మొండికేస్తుంది. కొత్త లక్క మీద చేసిన ప్రయోగం పాత లక్క మీద పారకపోవడానికి కారణం ఇదే.

అవిసె నూనెతో కాచిన వార్నిష్ కథ వేరు. అది ఆవిరై ఆరేది కాదు, గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని గట్టిపడుతుంది. ఒకసారి గట్టిపడితే మామూలు ద్రావకాలకు లొంగదు. ఏళ్లు గడిచేకొద్దీ పసుపు, ఆపైన ముదురు గోధుమ రంగులోకి తిరుగుతుంది. టేకులో సహజంగా ఉండే కొన్ని పదార్థాలు నూనె పూత ఆరడాన్ని అడ్డుకుంటాయి. టేకు మీద వార్నిష్ రోజుల తరబడి జిగటగా ఉండిపోతే తప్పు ప్రతిసారీ మేస్త్రిది కాకపోవచ్చు. 1920లలో వచ్చిన నైట్రోసెల్యులోజ్ లాకర్లు, వాటి కోవలోనే మన నిర్మల్ కళాకారులు అందిపుచ్చుకున్న డ్యూకో రంగులు మరో తరం. ఆ తర్వాతివి మెలమైన్, పాలీయురిథేన్ పూతలు. ఇవి గాజులా మెరుస్తాయి, నీటికి చలించవు, వేశాక వెనక్కి మాత్రం రావు.

ఏది ఏదో కంటితో చెప్పడం కష్టం. అతినీలలోహిత దీపం కింద చీకట్లో చూస్తే కొంత తేలుతుంది. లక్క నారింజ రంగులో వెలుగుతుంది, చెట్టు జిగురుల వార్నిష్ ఆకుపచ్చ కలిసిన పసుపులో, మైనం తెల్లటి నీలంలో కనిపిస్తాయి. ఇంకా సందేహం ఉంటే ఆవగింజంత పెచ్చు తీసి, నిలువుకోతను సూక్ష్మదర్శినిలో చూస్తే పొరలన్నీ వరుసగా కనబడతాయి. ఈ పరీక్షకు పెద్ద ఖర్చేమీ లేదు. అయినా మన దగ్గర పునరుద్ధరణ పనుల అంచనా పట్టికల్లో దీనికి ఒక వరుస కేటాయించడం అరుదు. చర్చ చిక్కుపడటంలో సగం పాపం ఇక్కడే ఉంది.

వాదం పుట్టుక

ఈ వాదం మొదలైంది చెక్క దగ్గర కాదు, రాయి దగ్గర. 19వ శతాబ్దంలో ఫ్రాన్సులో వియొలే లె ద్యుక్ పాత కట్టడాన్ని దాని ఉత్తమ రూపానికి తీసుకురావాలన్నాడు, అది చరిత్రలో ఎన్నడూ ఆ రూపంలో లేకపోయినా సరే. ఇంగ్లండులో జాన్ రస్కిన్ 1849లోనే దానికి ఎదురు నిలిచాడు. పునరుద్ధరణ పేరుతో జరిగేది విధ్వంసమేనన్నది అతని పక్షం. చర్చి గోడల పాత గచ్చును గీకి రాయిని బయటపెడుతున్న పనులు చూసి మండిపడ్డ విలియం మోరిస్ 1877లో ఒక సంఘం పెట్టాడు. దానికి వాడుకలో వచ్చిన పేరు గీకుడు వ్యతిరేక సంఘం. పాత గోడను గీకవద్దన్న ఆ పట్టుదలే తర్వాత పాత చెక్క మీదికి వచ్చింది.

భారతదేశంలో ఈ ధోరణి పురావస్తు శాఖ ద్వారా పాతుకుంది. జాన్ మార్షల్ 1923లో వెలువరించిన పరిరక్షణ చేతిపుస్తకం, చక్కగా చేసిన కొత్త పని కన్నా సగం శిథిలమైన అసలు పనికే విలువ ఎక్కువన్న వైఖరి తీసుకుంది. 1964 నాటి వెనిస్ పత్రం దాదాపు అదే తోవలో, ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగిపోవాలంది. చిత్రాల రంగంలో వివాదం మరింత ఘాటుగా సాగింది. లండన్ నేషనల్ గ్యాలరీ యుద్ధకాలంలో శుభ్రం చేసిన చిత్రాలను 1947లో ప్రదర్శించగా, పాత వార్నిష్‌తో పాటు చిత్రకారుడి చేతి పూత కూడా పోయిందని కొందరు, మురికినే కళ అనుకుంటున్నారని మరికొందరు తగువు పడ్డారు. ఇటలీలో చెజారె బ్రాందీ కాలం వేసిన ఛాయకు కూడా విలువ ఉందని సిద్ధాంతీకరించాడు. చెక్క మెరుగు గురించి ఇప్పుడు వినిపించే మాటల్లో చాలా వరకు ఆ చిత్రాల తగాదా నుంచి అరువు తెచ్చుకున్నవే. అరువు పూర్తిగా అతకదు. చిత్రాన్ని ఎవరూ ముట్టుకోరు. మెట్ల చేపట్టును రోజూ పట్టుకుంటారు.

తూర్పు దేశాల నుంచి వచ్చిన జవాబు ఆలస్యమైనా బలమైనది. జపాన్‌లో చెక్క గుళ్లను భాగాలుగా విప్పి, పాడైనవి మార్చి, మళ్లీ కూర్చడం తరతరాల ఆనవాయితీ. అలాంటి కట్టడం అసలైనదేనా అన్న ప్రశ్నకు 1994 నాటి నారా పత్రం జవాబిచ్చింది: అసలుదనాన్ని కొలిచే గజం ప్రతి సంస్కృతికీ ఒకటే కానక్కరలేదు. 1984లో ఏర్పడిన వారసత్వ పరిరక్షణ సంస్థ ఇంటాక్ 2004లో ప్రకటించిన సొంత పత్రంలో స్థపతులకు, మేస్త్రులకు, వారి జీవన సంప్రదాయానికి చోటు ఇచ్చింది. చెక్క కట్టడాల గురించి ప్రత్యేకంగా అంతర్జాతీయ కట్టడాల మండలి ఐకోమాస్ 1999లో చేసిన సూత్రాలను 2017 డిసెంబరులో ఢిల్లీ మహాసభలో తిరగరాశారు.

నాలుగు పక్షాలు

ఇప్పుడున్న అభిప్రాయాలను కూడగడితే స్థూలంగా నాలుగు పక్షాలు తేలతాయి. పక్షాలు నాలుగైనా వాటి బలం సమానం కాదు.

మొదటిది తాకవద్దనే పక్షం. దుమ్ము దులపాలి, ఊడేది ఊడకుండా పట్టాలి, అంతకు మించి వద్దు. పురావస్తు శాఖ రక్షణలో ఉండి, సందర్శకులు తాడు అవతల నుంచి చూసిపోయే చోట్లకు ఇది సరిపోతుంది. 1784లో కట్టిన శ్రీరంగపట్నం దరియా దౌలత్‌లో గానీ, 1791 నాటికి పూర్తయిన బెంగళూరు టిప్పు వేసవి భవనపు టేకు స్తంభాల మీద గానీ మిగిలిన రంగుల విషయంలో మరో ఆలోచనకు తావే లేదు. అక్కడ పూతే కళాఖండం. మనుషులు కాపురం ఉండే బంగళాకు ఈ సూత్రం వర్తింపజేస్తే మాత్రం ఇంటివారే చెక్కను ఎనామిల్ రంగుతో కప్పేస్తారు.

రెండోది గీకి కొత్తగా వేయాలనే పక్షం. దీనికి సిద్ధాంతకర్తలు తక్కువ, అనుచరులు ఎక్కువ. కాంట్రాక్టర్‌కు చదరపు అడుగుల లెక్క కుదురుతుంది, యజమానికి ఫొటోలో తేడా కనిపిస్తుంది. నిజం చెప్పాలంటే కొన్నిచోట్ల ఇదొక్కటే దారి. కిటికీ బయటి రెక్కల మీద ఎండకు, వానకు పూత పొడిపొడిగా రాలిపోతుంటే కాపాడటానికి మిగిలింది ఏముంటుంది?

మూడోది ఉన్నదాని మీదే నిలబెట్టాలనే పక్షం. మురికి తీసి, చీలిన పాత లక్కను స్పిరిట్ తడితో మళ్లీ కలిసిపోయేలా చేసి, లోటున్న చోట పలుచగా కొత్త లక్క రుద్ది, పైన మైనం వేయడం. లక్క విషయంలో ఈ పక్షానికి ఒక బలమైన వాదన ఉంది: లక్క పాలిష్ పుట్టుకతోనే పొర మీద పొరగా నిలిచే పూత. దాన్ని ఎప్పటికప్పుడు తిరిగి రుద్దుతూ పోవడమే దాని అసలు వాడుక. కాబట్టి కొత్త పొర కలపడం చరిత్రను చెరపడం కాదు, కొనసాగించడం. ఈ వ్యాసం మొగ్గు కూడా ఇటే. నూనె వార్నిష్ దగ్గర, లాకర్ దగ్గర ఈ వాదన అంత చక్కగా నిలవదన్నదీ ఒప్పుకోవాలి.

నాలుగో పక్షం వ్యాసాలు రాయదు. అది గుడిలో కనిపిస్తుంది. ఉత్సవం ముందు వాహనానికి రంగులు దిద్దడం, తలుపుకు నూనె రాయడం, గడపకు పసుపు పూయడం సేవలో భాగం. చిక్కతిరుపతి లాంటి నిత్యపూజ జరిగే క్షేత్రంలో చెక్కను మ్యూజియం వస్తువులా చూడాలనడం అర్చకుడికీ భక్తుడికీ వింతగా ఉంటుంది. ఏటా కొత్త ఎనామిల్ పడుతుంటే నాలుగు తరాల కింద చెక్కిన పువ్వు రేకులు పూడిపోతాయన్నది కూడా అంతే నిజం. పూత తిరిగి వేయడం సంప్రదాయమే, ఎనామిల్ డబ్బా సంప్రదాయం కాదు. ఈ తేడాను గుడి పెద్దలతో కూర్చుని మాట్లాడినవారు తక్కువ.

హైదరాబాదు ఉదాహరణలు ఈ పక్షాలు ఎందుకు కలవవో చూపిస్తాయి. 1884లో మొదలై 1893లో పూర్తయిన ఫలక్‌నుమా 2010లో హోటల్‌గా తెరుచుకుంది. 101 మంది కూర్చునే భోజనాల బల్ల ఉన్న ఆ ఇంట్లో చెక్క రోజువారీ వాడుకను తట్టుకోవాలి. అదే ఊళ్లో చౌమహల్లా మ్యూజియంగా సాగుతోంది. అక్కడ చెక్కకు చూపులే తప్ప చేతులు తగలవు. ఒకే నగరం, దాదాపు ఒకే రాజవంశపు సంపద, అయినా ఒకదానికి పనికొచ్చే పూత రెండోదానికి పనికిరాదు.

మురికి తీయడం: శాస్త్రం ముందుకు నడిచిన చోటు

గత నలభై ఏళ్లలో నిజమైన ప్రగతి సిద్ధాంతంలో కన్నా శుభ్రపరిచే పద్ధతుల్లో జరిగింది. అమెరికాలో రిచర్డ్ వోల్బర్స్ నీటి ఆధారంగా పనిచేసే జెల్‌లను, సబ్బులను ఒక్కొక్క పొరకు తగ్గట్టు తయారుచేసే పద్ధతిని నేర్పాడు. 2000లో వచ్చిన అతని పుస్తకం ఈ పనివారికి పాఠ్యగ్రంథం. మురికిని కరిగించి పూతను కరిగించని మిశ్రమం వెతకడమే దీని సారం. ఆమ్ల క్షార స్థాయిని (pH) 8.5 దాటనివ్వకపోవడం లక్క ఉన్న చోట మొదటి నియమం. అందుకే బట్టల సోడా, డిటర్జెంటు, అమోనియా కలిసిన గాజు తుడిచే ద్రవాలు పాత పాలిష్‌కు శత్రువులు.

అన్నిటికన్నా మంచి క్లీనర్ ఉమ్మి అన్నది నవ్వు తెప్పించే సంగతే కానీ నిజం. పాత వస్తువులను ఉమ్మి తడితో తుడవడం పనివారికి ముందు నుంచీ తెలుసు. 1990లో పోర్చుగల్ పరిశోధకులు దాన్ని పరీక్షించి, అందులోని అమైలేజ్ అనే ఎంజైమ్‌కు ఆ గొప్ప దక్కుతుందన్నారు. 2018లో వారికి ఇగ్ నోబెల్ కూడా వచ్చింది. ఒక చెక్కపువ్వుకు సరే, పెద్ద హాలు మొత్తానికి ఎంత ఉమ్మి కావాలన్నది వేరే లెక్క. పెద్ద వైశాల్యాలకు శుద్ధమైన నీటిలో కొద్దిపాటి సిట్రేట్ లవణం కలిపి దూదితో అద్దుతారు. మన దగ్గర బట్టల పరిరక్షణలో కుంకుడు రసం వాడకం ఉంది. చెక్క మీద లక్కకు అది ఎంతవరకు క్షేమమో మన తేమకు, మన ఎండకు తగిన కొలతలతో తేల్చడం మంచి పరిశోధనాంశం.

ఇళ్లలోనూ ఆఫీసుల్లోనూ సాగే చిట్కాల మీద మాత్రం తీర్పు దాదాపు ఖాయమైంది. అవిసె నూనె, టర్పెంటైన్, వెనిగర్ కలిపి తుడిచే పాత మిశ్రమం ఒకప్పుడు మ్యూజియాల్లో కూడా నడిచింది. తుడిచిన రోజు చెక్క కళకళలాడుతుంది, మిగిలిన నూనె దుమ్మును పట్టుకుని ఏళ్ల తర్వాత దేనికీ లొంగని నల్లటి తెట్టు కడుతుంది. ఇప్పుడు మనం తీయలేక అవస్థపడే నలుపులో చాలా భాగం నిన్నటి శ్రద్ధ ఫలితమే. ఆ నూనె నానిన గుడ్డలు కుప్పగా పడేస్తే వాటంతట అవే అంటుకునే ప్రమాదం కూడా ఉంది. 1897లో మైసూరు పాత చెక్క రాజభవనం పెళ్లి వేడుకల మధ్య కాలిపోయిన చరిత్ర ఉన్న ప్రాంతంలో దీన్ని చిన్న విషయంగా తీసుకోలేం. కిరోసిన్ గుడ్డ లక్కను కరిగించదు గానీ వెనక జిడ్డు వదులుతుంది. సిలికోన్ కలిసిన స్ప్రే పాలిష్‌లు మరీ చేటు. వాటి తర్వాత ఏ పూతా సరిగా పట్టదు.

గీకితే పోయేవి

గీకుడు మీద అభ్యంతరం భావుకత మాత్రమే అనుకుంటే పొరపాటు. ఉప్పు కాగితం, యంత్రం పట్టు చెక్క పైభాగాన్ని తీసుకుపోతాయి. బాడిసె జాడలు, చిత్రిక పట్టిన అలలు, వందేళ్ల చేతుల రాపిడికి గుండ్రబడిన అంచులు దానితో పాటే పోతాయి. కాస్టిక్ సోడాలో ముంచితే పూత అవలీలగా ఊడుతుంది, కానీ టేకులాంటి చెక్క నల్లబడుతుంది, జిగురు అతుకులు వదులవుతాయి, లోపల మిగిలిన క్షారం కొత్త పూతను కింద నుంచి తినేస్తుంది. డైక్లోరోమీథేన్ ద్రావకం చెక్కకు నెమ్మదైనది, పీల్చేవాడికి ప్రాణాంతకం. రంగు తీయడానికి దాన్ని సాధారణ వినియోగదారులకు అమ్మడాన్ని అమెరికా 2019లో నిషేధించింది.

మన దగ్గర తగినంతగా చెప్పుకోనిది సీసం. అలంకరణ రంగుల్లో సీసం పది లక్షల్లో 90 వంతులు మించరాదన్న నియమం భారతదేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంటే అంతకు ముందు తలుపుల మీద పడిన ఏ ఎనామిల్ రంగునైనా అనుమానించాల్సిందే. దాన్ని పొడిగా గీకితే ఆ ధూళి మేస్త్రి ఊపిరితిత్తుల్లోకి, ఇంట్లో పిల్లల చేతుల మీదికి పోతుంది. సంరక్షణ సిద్ధాంతాలన్నీ కట్టడం గురించే మాట్లాడతాయి, గీకే మనిషి గురించి ఒక్క వాక్యం ఉంటే గొప్ప.

మాలూరు, కె.జి.ఎఫ్. తెచ్చిపెట్టే మెలిక

పై చర్చంతా ఎక్కడికైనా వర్తిస్తుంది. ఈ ప్రాంతానికి సొంతమైనది దుమ్ము. కె.జి.ఎఫ్. బంగారం పలుగురాతి సిరల్లో దొరికింది. ఆ రాయిని పిండిచేసి, సయనైడుతో బంగారాన్ని లాగేశాక మిగిలిన పొడి ఊరి చుట్టూ దిబ్బలుగా పేరుకుంది. గాలికాలంలో అది ఇళ్లలోకి రావడం అక్కడివారి చిరకాల బాధ. పలుగురాయి లక్క కన్నా, మైనం కన్నా, చెక్క కన్నా ఎంతో గట్టిది. ఆ పొడి పడిన బల్లను పొడిగుడ్డతో తుడవడమంటే సన్నని ఉప్పు కాగితంతో రుద్దడమే. ఇక్కడ ముందు మెత్తటి కుంచెతో దుమ్ము లేపి, వాక్యూమ్‌తో లాగి, ఆ తర్వాతే తడి తగలాలి. విదేశీ చేతిపుస్తకాల్లో మామూలు జాగ్రత్తగా కనిపించే ఈ వరుస ఇక్కడ పనికి ప్రాణం.

మాలూరు వైపు దుమ్ము తీరు వేరు. పెంకులు, ఇటుకల పరిశ్రమకు పేరుపడ్డ ఊరు కావడంతో మట్టి, బట్టీల మసి కలుస్తాయి. మసిలో జిడ్డు ఉంటుంది కాబట్టి ఒట్టి నీటికి లొంగదు. దీనికి తోడు ఎండాకాలం గాలి పొడిబారి చెక్క కుంచించుకుంటుంది, వానల్లో ఉబ్బుతుంది. ఈ కదలికకు లక్కా మైనమూ కొంత సర్దుకుంటాయి, సర్దుకోలేక చీలినా అతుకు వేయవచ్చు. బిగుసుకున్న పాలీయురిథేన్ పొర చీలితే తేమ లోపల చేరి పొర మొత్తం లేస్తుంది.

ఇక కె.జి.ఎఫ్. చరిత్రలో ఒక అసమానత ఉంది. సంరక్షణ అనగానే గుర్తొచ్చేవి దొరల బంగళాలు, క్లబ్బు. తమిళ, తెలుగు కార్మికులు బతికిన వరుస గుడిసెలు వెదురు తట్టీలతో కట్టినవి. వాటికి పాలిష్ లేదు, కాబట్టి పాలిష్ చర్చలో చోటూ లేదు. గని మనుషుల జీవితానికి మిగిలిన కొద్దిపాటి చెక్క, అంటే పనిముట్ల పిడులు, తలుపు చెక్కలు, పెట్టెలు మసితోనే అర్థవంతమైనవి. వాటిని మెరిపిస్తే అబద్ధమవుతుంది. బంగళా బల్లకు మూడో పక్షం సరైతే, గనిపెట్టెకు మొదటి పక్షమే సరి.

తేలని సంగతులు

మొదటిది నిపుణత. స్పిరిట్ పాలిష్ చేత్తో రుద్దగల మేస్త్రులు తగ్గిపోతున్నారు. స్ప్రే గన్ పట్టినవాడికి రోజుకూలీ ఎక్కువ, ఓపిక అవసరం తక్కువ. ప్రయోగశాలలకు ఈ చుట్టుపక్కల కొరత లేదు. బెంగళూరులో చెక్క శాస్త్ర సాంకేతిక సంస్థ ఉంది, చిత్రకళా పరిషత్తులో ఇంటాక్ పరిరక్షణ కేంద్రం ఉంది, మైసూరులో లక్నో జాతీయ పరిరక్షణ పరిశోధన ప్రయోగశాల శాఖ ఉంది. వాటికీ మాలూరు వడ్రంగికీ మధ్య దారి వేయడం ఎవరి బాధ్యతో ఏ పత్రమూ చెప్పడం లేదు.

రెండోది, వేసేసిన పాలీయురిథేన్. చెక్కను నొప్పించకుండా దాన్ని తీసే సులువైన మార్గం ఇంకా లేదు. గత రెండు మూడు దశాబ్దాల్లో పునరుద్ధరణ పేరుతో ఆ పూత పడిన తలుపులు మరో తరానికల్లా పొరలు లేచి నిలబడతాయి. అప్పటికి గీకడం తప్ప గత్యంతరం ఉండకపోతే మొదటి, మూడో పక్షాల వాదనలు అక్కడితో ఆగిపోతాయి.

మూడోది యాజమాన్యం. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాక కె.జి.ఎఫ్. కట్టడాల్లో కొన్ని వాడుకలో ఉన్నాయి, కొన్ని లేవు. వాడుకలో లేని ఇంట్లో మెరుగు కన్నా ముందు పైకప్పు, చెదలు చూడాలి. కారే కప్పు కింద ఫ్రెంచ్ పాలిష్ దండగ. నిధులు మాత్రం కంటికి కనిపించే పనికే ముందు వస్తాయి.

నాలుగోది చిన్నదిగా కనిపించినా పనివారిని ఎక్కువగా చీల్చేది. ఏ గదిలోనైనా అరచేయంత మేర పాత పూతను ముట్టుకోకుండా సాక్షిగా వదిలేయాలని పరిరక్షకులు అడుగుతారు. రేపు మరింత మంచి పరీక్ష వచ్చినప్పుడు చూడటానికి అదొక్కటే ఆధారం. మెరిసే తలుపు మీద నల్లమచ్చ ఎందుకని యజమాని అడుగుతాడు. తలుపు వెనక, కీలు పక్కన వదిలితే ఇద్దరికీ సరిపోతుందని కొందరంటారు. వెలుతురు తగలని చోట మిగిలిన పూత వెలుతురు తగిలిన పూత గురించి సాక్ష్యం చెప్పదని మరికొందరు. రెండు చోట్లా వదిలి, ఫొటో తీసి, తేదీతో రిజిస్టరులో రాయడం మేలు. ఆ రిజిస్టరు ఎవరి దగ్గర ఉండాలో ముందు తేల్చుకుని పని మొదలుపెట్టాలి.